మూడో పిలుపు

1. వేసవి, నీళ్ళు వదిలిన రోజు

మీరు న్యాయం కోరలేదు. తొందర కోరారు. గొంతు పద్ధతి కావాలా వద్దా అని ఊరంతటినీ అడిగిన రోజున చెయ్యెత్తింది మీరే. ఎత్తిన చెయ్యి దించి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత న్యాయసౌధంలో ఏం జరుగుతోందో ఒక్కసారైనా వచ్చి చూశారా? చూడరు. అందుకే ఈ దినచర్య మొదలుపెడుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక తెలియదని మాత్రం అనకండి.

పాత కోర్టు మహా బాగుండేదా అని అడుగుతారు. ఆ ప్రశ్న మీ నాలుక చివరే ఉంటుంది. బాగుండేది కాదు. నల్లకోటు వేసుకుని అందులో సగం జీవితం తిరిగినదాన్ని, నాకు చెప్పకండి. తాత వేసిన దావాలో మనవడికి కూడా వాయిదాలే దక్కేవి. దొంగ వేలిముద్రలు, ఒకరి పేరు మీద ఇంకొకరు. రోగం ఉందని అందరికంటే ముందు అరిచింది నేనే. పడిశం పట్టింది కదా అని ముక్కు కోసేయమని నేను అనలేదు.

ఇప్పుడు జడ్జీ లేడు. రాజధాని నడిబొడ్డున కేంద్ర న్యాయసౌధం ఉంది. అదే పిలుస్తుంది, అదే వింటుంది, అదే తీర్పు చెబుతుంది. ఫిర్యాదు ఇచ్చిన రోజున మీ గొంతు నమోదు చేసుకుంటుంది. వంతు వచ్చినప్పుడు మూడుసార్లు పేరు పిలుస్తుంది. మీ గొంతుతో మీరు ‘హాజర్’ అనాలి. అనకపోతే ఆ ఫిర్యాదు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. మాలాంటి పాత వకీళ్ళకు తోడుమనిషి పని మిగిలింది. పక్కన కూర్చోవచ్చు, మంచినీళ్ళు అందించవచ్చు. హాల్లో మా గొంతు వినబడితే ఫిర్యాదు రద్దు.

ఈ పొద్దున డాబా మీద చలవకు మంచుపొడి పూస్తుంటే కింద నుంచి కేక.

“వకీలమ్మా! ఓ వకీలమ్మా! పైనున్నావేటి? దిగు తల్లీ, నా మోకాళ్ళు నీ మెట్లెక్కవు!”

వీధి వీధంతా కిటికీలు తెరిచి చూసింది. అదీ నూకరత్నం గొంతు. సముద్రం ఊళ్ళను తినేసినప్పుడు తీరం నుంచి వచ్చి మా వెనక వలసపేటలో పడ్డవాళ్ళలో ఒకతె. అక్కడ చేపలమ్మేది. ఇక్కడ చేపలూ లేవు, సంద్రమూ లేదు, గొంతు మాత్రం మిగిలింది.

కూతురు పైడితల్లి మంచుపొడి మిల్లులో, సంచుల షెడ్డులో పనిచేసేది. మొన్న శీతాకాలంలో ఊపిరాడక చనిపోయింది. మిల్లువాళ్ళు ‘ఇంటి జబ్బు’ అని రాసి చేతులు దులుపుకున్నారు.

“ఇంటి జబ్బంట! నా ఇల్లు దానికేటి జబ్బు సేసినాదమ్మా? ఆ ఇంట్లోనే నానున్నాను, మా పిల్లీ ఉన్నాది. మేం సచ్చేమేటి?”

మెట్లు దిగినా నా చేతిలో కుంచె ఇంకా తెల్లగా కారుతోంది. దాని వంక చూసింది. మీ డాబాల మీదా ఇదే పొడి, మర్చిపోకండి. మీ గది చల్లగా ఉండడానికి ఆ షెడ్డులో ఆడవాళ్ళు గాలితోపాటు దీన్ని పీలుస్తారు.

“ఏం కావాలి నూకరత్నం నీకు?” అన్నాను.

“ఒక మాట. పైడి మిల్లు పొడి వల్ల పోనాదని సౌధం సెప్పాల. అందరికీ ఇనబడేలాగ సెప్పాల.”

ఆ ఒక్క మాట వస్తే సంచుల షెడ్డు మూయక తప్పదు, చట్టం అలాగే ఉంది. నువ్వు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నావని అడిగాను.

“ఆ సెడ్డులోనే. మరేటి తింటాం? పేట ఆడోళ్ళందరం అందులోనేనమ్మా.”

2. వేసవి, గొంతు నమోదు

సౌధం ముందు వరసలో సగం మందికి ఫిర్యాదులే లేవు. లోపల చల్లగా ఉంటుందని వస్తారు. పిల్లల్ని పాలరాతి మీద పడుకోబెట్టి, చపాతీలు చుట్టుకుని తెచ్చుకుంటారు. న్యాయస్థానంలో జనానికి దొరికే ఏకైక ఉపశమనం చలవ. ఇది వ్యంగ్యం అనుకోకండి, వచ్చి చూడండి.

పేట నుంచి పోలమ్మ కూడా వచ్చింది. మిల్లు బండి కింద మొగుడి కాలు పోయింది, దాని మీద ఆమెకూ ఒక ఫిర్యాదు ఉంది. నూకరత్నానికి వరసకు వదిన. పైకప్పు చూసి ముక్కున వేలేసుకుంది.

“ఒలప్పా, ఎంతెత్తుందే! ఇందులో ఉండేది మనిసి కాదంటన్నారు, మరింత గది దేనికి?”

“నీలాటోళ్ళ నోరు పట్టాల గదా వదినా,” అంది నూకరత్నం.

గొంతు నమోదు చేసే గూటిలో ఏదో ఒక వాక్యం చెప్పమంటారు. చదువుకున్నవాళ్ళు కూడా అక్కడ గొణుగుతారు. నూకరత్నం చెంగు నడుముకు దోపి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. “వంజరం! బతికున్న వంజరం! ముట్టుకుంటే ఎగిరిపోద్ది, రండమ్మా రండి!” అని అందుకుంది. హాలంతా ఘొల్లుమంది. పడుకున్న పిల్లలు లేచారు. ఒక ముసలాయన నిజంగానే సంచీ పట్టుకుని దగ్గరికొచ్చి ఏదీ చేప అన్నాడు.

“నమోదైంది,” అంది సౌధం. “పిలుపు కోసం నిరీక్షించండి.”

బయటికొస్తూ ఆమె నవ్వింది. కూతురు పోయాక నవ్వడం అదే మొదటిసారని పోలమ్మ నాతో గుసగుసగా అంది.

3. వాన పడని శ్రావణం

పిలుపు రాలేదు. తొందర కోసం కట్టుకున్న సౌధంలోనూ వరస పెరుగుతూనే ఉంది. ‘వాయిదా’ అనే మాట మాత్రం లేదు. నిఘంటువులో నుంచి రోగం పేరు కొట్టేసి, రోగం తగ్గిందని డప్పు కొట్టినవాళ్ళు మీ నాయకులు. ఆ డప్పుకు తాళం వేసింది మీరు.

నూకరత్నం గొంతు బొంగురుపోయింది. మొదట వేడి చేసిందనుకున్నాం. వారం వారం ఇంకాస్త అరిగిపోతోంది. సంచుల షెడ్డులో ఎక్కువకాలం ఉన్నవాళ్ళకు ముందు గొంతు పోతుంది, తర్వాత ఊపిరి. పైడితల్లికీ వరస అదే.

“పని మానెయ్యి,” అన్నాను. “కనీసం పిలుపు వచ్చేదాకా.”

“మానితే నువ్వు పెడతావేటి వకీలమ్మా, పూటకింత?”

“పెడతాను.”

“నీ వంట నాను తిన్నాను. మిల్లే నయం.”

ఆ మాట చెప్పడానికి ఆమె మూడుసార్లు ఊపిరి తీసుకుంది. నేను నవ్వలేకపోయాను. దాంతో ఆమే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. “పిల్లి కూడా పలకడం మానీసినాదమ్మా నా పిలుపుకి. దాని ముందుకెళ్ళి నిలబడతన్నాను. అప్పుడు సూస్తాది.”

పిల్లి చూస్తుంది. ఇది రాసి పెట్టుకోండి.

4. భాద్రపదం, సహాయ కిటికీ

సౌధంలో మిగిలిన మనుషులు సహాయ కిటికీల దగ్గర ఉంటారు. మాకు తగిలిన కుర్రాడి పేరు చారుదత్త్. మర్యాదస్తుడు. మర్యాద ఎంత నిరుపయోగమో అతన్ని చూసి నేర్చుకోవచ్చు.

మూగవాళ్ళకు సౌధంలో వేరే ద్వారం ఉంది. అక్కడ సైగ చాలు. ఆ ద్వారానికి మార్చమని అడిగాను.

“ఈవిడ పలికేవారి వర్గంలో నమోదయ్యారు మేడమ్.”

“అప్పుడు పలికేది. ఇప్పుడు గొంతు పోతోంది. వర్గం మార్చండి.”

“మార్చొచ్చు మేడమ్. కానీ వేరే ఎవరూ మార్చేయకుండా చిన్న జాగ్రత్త ఉంది. ఆవిడే తన గొంతుతో సమ్మతి చెప్పాలి.”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అతనికి అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

“గొంతు పోయిందని గొంతుతో చెప్పాలా?”

“నిబంధనలో అలాగే ఉంది మేడమ్.”

“అలాగే ఉంది సరే. నీకేమనిపిస్తోంది నాయనా? నీకు? నీ కళ్ళకు?”

అతను నూకరత్నం వైపు చూశాడు, తల దించుకున్నాడు. “నా కళ్ళు ఎక్కడా నమోదు కావండీ.”

నూకరత్నం ప్రయత్నించింది. గూటిలో నిలబడి, మెడ నరాలు ఉబ్బేలా, సమ్మతి అనే మాటను బయటికి నెట్టింది. గరగరమని ఏదో వచ్చింది. “స్వరం సరిపోలలేదు,” అంది సౌధం. మళ్ళీ ప్రయత్నించింది. సరిపోలలేదు. మా వెనక వరసలో ఒకాయన తొందరగా కానివ్వండమ్మా అన్నాడు. మీలో ఒకాయన. పేరు తెలుసుకోలేదు, అవసరం లేదు.

ఆ వంజరం కేక సౌధం దగ్గర భద్రంగా ఉంది కదా, అదే వినిపించి చూసుకోండి, మనిషి ఈమేనని తెలుస్తుంది అని వాదించాను. దాచిన గొంతు సాక్ష్యానికి పనికిరాదట. వచ్చిన మనిషి లెక్కలోకి రాదు, దాచిన గొంతూ లెక్కలోకి రాదు. మరి లెక్కలోకి వచ్చేదేమిటని అడిగాను. చారుదత్త్ మంచినీళ్ళు ఇచ్చాడు.

5. ఆశ్వయుజం, పేటలో

మిగిలిన దారి ఒకటే. పిలుపు వచ్చేలోగా ఒక్క ‘హాజర్’ అనగలిగేంత గొంతు కూడబెట్టడం. పేట ఆడవాళ్ళు ఆమెను షెడ్డు పని మాన్పించేశారు. ఆమె వంతు సంచులు తలా కొన్ని కుట్టి, ఎసట్లో తలా ఒక గుప్పెడు ఎక్కువ వేసి పోషిస్తున్నారు. రోజంతా మాట్లాడనివ్వరు. మిరియాల కషాయం తాగిస్తారు. సాయంత్రం పని దిగి వచ్చాక అందరూ చుట్టూ కూర్చుని ఒక్కసారి పలికిస్తారు.

పోలమ్మ సౌధంలా ఇంటిపేరుతో సహా ముక్కుతో పిలుస్తుంది. “కారి నూకరత్నం!”

“హా...” అని ఆగిపోతుంది. ఒక్కో సాయంత్రం ‘జర్’ కూడా వస్తుంది. ఆ రోజు పేటలో పండగే. గొంతు పాతదిలా లేకపోయినా దగ్గర దగ్గరగా ఉంది. సరిపోలుతుందేమో అని నాకూ ఆశ పుట్టింది. ఆశ పుట్టించినందుకు కూడా మిమ్మల్ని క్షమించను.

ఒకరోజు మూడుసార్లు పిలిచినా రాలేదు. మూడో పిలుపు అయిందో లేదో, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్క నోటితో “ఉన్నాది!” అన్నారు. అని, నోళ్ళు మూసుకుని నా వైపు చూశారు.

“ఇదేమిటి?” అన్నాను.

పోలమ్మ చెప్పింది. తీరంలో ఉన్నప్పుడు మంచు కమ్మిన పొద్దుల్లో, తిరిగొచ్చే పడవలకు ఒడ్డు నుంచి పేరు పేరునా పిలిచేవాళ్ళు. అలసిపోయి పలకలేనివాడు ఉంటే మూడో పిలుపుకు పక్కవాడు ఉన్నాడని పలికేవాడు. “మూడోది కాళీగా పోకూడదమ్మా. పోతే, ఈడు మీకక్కర్లేదేమోనని సంద్రం ఉంచుకుంటాది. మా సిన్నప్పట్నుంచీ నోటికి అలగే వచ్చేస్తాది.”

“సౌధంలో రానివ్వకండి. అక్కడ ఎవరూ పలకొద్దు. ఒకరి పేరుకు ఇంకొకరు పలికితే దాన్ని మారుపలుకు అంటారు, నేరం. పలికినవాళ్ళ ఫిర్యాదులు కూడా పోతాయి.”

“మాకు తెలీదేటి వకీలమ్మా! నోళ్ళకి సంచులు కుట్టే దారం ఏసేస్తాం.”

నూకరత్నం పోలమ్మ నోటి మీద కుట్లు వేస్తున్నట్టు వేళ్ళు ఆడించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

6. కార్తీకం, పిలుపుకు ముందు రాత్రి

పిలుపు రేపని సౌధం నుంచి మొన్న కబురొచ్చింది. ఈ రెండు రోజులు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, దగ్గు వస్తే కూడా చెంగు నోట్లో కుక్కుకుంది. నేను కూర వండి పట్టుకెళ్ళాను. రుచి చూసి, ముఖం వికారంగా పెట్టి, మొత్తం తిన్నది.

7. సౌధంలో

ఇది పిలుపు రోజు మధ్యాహ్నమే, సౌధం మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

పేట ఆడవాళ్ళందరూ ఒక పూట పని వదులుకుని వచ్చారు. ఉతికిన చీరలు కట్టుకున్నారు. నూకరత్నం పైడితల్లి చీర కట్టుకుంది, ఆకుపచ్చది. పిలుపుగీత దగ్గర నిలబడింది. తోడుమనిషి బల్ల ఆ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరం.

“కారి నూకరత్నం,” అంది సౌధం.

నోరు తెరిచింది. గాలి వచ్చింది. గాలి మాత్రమే.

హాల్లో అందరూ ఆమెను చూస్తున్నారు. గుమ్మం దగ్గరి కాపలావాడు చూస్తున్నాడు. సహాయ కిటికీలో నుంచి చారుదత్త్ లేచి నిలబడి చూస్తున్నాడు. రాజధానిలో అందరికంటే ఎక్కువగా ఆ నిమిషంలో హాజరై ఉన్న మనిషి ఆమె.

“కారి నూకరత్నం.”

రొమ్ము మీద కొట్టుకుంది. చప్పట్లు కొట్టింది. కాలితో నేలను తన్నింది. నా పేరు ఇదే, నేనే, ఇక్కడే అని రెండు చేతులతో తననే చూపించుకుంది. నేను చీర కొంగు పళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాను. నేను నోరు తెరిస్తే ఫిర్యాదు పోతుంది. తెరవకపోతే పోతుంది. వాదించి బతికిన మనిషిని నేను. నా జన్మలో అంత చిన్న మాట, ‘ఉంది’ అనే మాట, అంత బరువుగా ఎప్పుడూ లేదు.

“కారి నూకరత్నం.”

మూడోది. ‘హా’ అన్నట్టు పెదవులు కదిలాయి.

“ఉన్నాది!”

పోలమ్మ. ఆ వెంటనే అందరూ. “ఉన్నాది! నూకరత్నం ఉన్నాది!” వెనక వరసల నుంచి, స్తంభాల దగ్గర నుంచి, అరిగిపోయిన గొంతులు, బొంగురు గొంతులు, ఒక పడవ మొత్తం ఒడ్డుకు బదులిచ్చినట్టు. ఆ పైకప్పు కింద అంతకంటే నిజమైన సాక్ష్యం ఎప్పుడైనా వినబడిందా? లేదు, లేదు, లేదు. నూకరత్నం మాత్రం అటు తిరిగి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతోంది. అందరికంటే ముందు ఆమెకే గుర్తొచ్చింది.

“మారుపలుకు,” అంది సౌధం. “ఫిర్యాది గైర్హాజరు. ఫిర్యాదు శాశ్వతంగా ముగిసింది. మారుపలుకు పలికినవారి ఫిర్యాదులు రద్దు.”

తర్వాత వాళ్ళ పేర్లు చదివింది. అంత గోలలో, అంత మంది కలిసి అరిచిన అరుపులో, ఒక్కొక్కరి గొంతునూ విడదీసి, ఇంటిపేర్లతో సహా తప్పులేకుండా పోల్చుకుంది. మనుషుల్ని గుర్తుపట్టడం దానికి రాదని ఇక ఎవరూ నాతో అనకండి.

“గరికిన పోలమ్మ,” అంది.

పోలమ్మ ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ, చెయ్యెత్తి, “హాజర్,” అంది.

8. మర్నాడు

పేటకు వెళ్ళాను. పోలమ్మ గుమ్మం బయట నేల మీద కూర్చుని ఉంది. మొగుడి కాలు గురించిన ఫిర్యాదు పోయింది. ఆమె ఏడుస్తున్నది దానికి కాదు.

“దాని నోటికాడ కూడు తన్నీసినాను వకీలమ్మా. పైడి మాట సౌధం సెప్పకుండా సేసింది నానే.”

“నువ్వు పలక్కపోయినా పోయేది పోలమ్మా. ఆమెకు గొంతు రాలేదు.”

“వొచ్చీదేమో! ఇంకో గుక్క ఆగితే వొచ్చీదేమో! నాను ఆగనిచ్చేనేటి?”

అన్ని వాదాలకూ ఎదురువాదం ఉన్నదాన్ని. ఆ గుక్క ఏమయ్యేదో నాకు తెలియదు, పోలమ్మకు ఈ జన్మలో తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఆమె మీద మోపింది మీ పద్ధతి.

నూకరత్నం లోపలి నుంచి వచ్చింది. పోలమ్మ పక్కన కూర్చుని, వదిన తల తన ఒళ్ళోకి లాక్కుంది. జుట్టు విప్పి, దువ్వెనతో నెమ్మదిగా చిక్కు తీయసాగింది. ఇద్దరి మధ్యా మాట లేదు. మాట ఉంటే అది ఓదార్పు అయ్యేదో, నింద అయ్యేదో కూడా నేను చెప్పలేను. ముఖం చూసి చదవబోయాను. ఆ ముఖం నాకు ఏమీ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమూ లేదు.

కాసేపటికి మిల్లు కూత వేసింది. నూకరత్నం జడ పూర్తిచేసి, ముడి వేసి, లేచి, సంచుల షెడ్డుకు బయల్దేరింది. అడ్డం వెళ్ళాను. నన్ను పక్కకు జరిపింది. కోపంగా కాదు, తలుపు జరిపినట్టు. ఆమె శ్వాస ఈల వేస్తోంది. పైడితల్లి శ్వాస అలా ఈల వేయడం మొదలైనప్పటి నుంచి ఎంతకాలం బతికిందో పేటలో అందరికీ తెలుసు. ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోపంగా రాయాలని కూర్చున్నాను. ఏడుపు వస్తోంది. అయినా ఏడుపు మీకు ఇవ్వను, దాన్ని చదివి మంచివాళ్ళైపోతారు. మీకు ఇచ్చేది ఇది. ఒకసారి చెయ్యెత్తినవాళ్ళు మళ్ళీ ఎత్తగలరు.

మా డిమాండ్లు:

కారి నూకరత్నం ఫిర్యాదును మళ్ళీ తెరవాలి.

మనిషి వచ్చి నిలబడితే హాజరైనట్టే లెక్క వేయాలి.

గొంతు పోయినవాళ్ళను వర్గం మార్చడానికి గొంతు అడగకూడదు.

తోడుమనిషికి నోరు ఇవ్వాలి.

పిలిచే చోట కళ్ళున్న మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఆ కళ్ళు చూసినది నమోదు చేయాలి.

పేట ఆడవాళ్ళ మీద మారుపలుకు నేరం ఎత్తేయాలి. పోలమ్మ ఫిర్యాదుతో సహా వాళ్ళ ఫిర్యాదులన్నీ మళ్ళీ విచారణకు తీసుకోవాలి.

తీర్పు వచ్చేదాకా సంచుల షెడ్డు మూయాలి. మూసినంత కాలం అక్కడి ఆడవాళ్ళకు మిల్లే తిండి పెట్టాలి.

పైడితల్లి దేనివల్ల చనిపోయిందో సౌధం అందరికీ వినబడేలా చెప్పాలి.

ఇవన్నీ నూకరత్నం బతికి ఉండగా జరగాలి.